ఒంట్లో బాగాలేకపోవడం కూడా నా సిలువేనా?

ప్రకాశం జిల్లాలో ఒక పల్లె నుంచి ఒక సోదరి రాశారు. రూళ్ల నోటుబుక్కు కాగితాలు ఎనిమిది, రెండు వైపులా. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. అందుకే గుర్తుపట్టే వివరాలు తీసేసి, మిగతాది ఆమె చెప్పిన వరుసలోనే క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు 39 ఏళ్లు. భర్త పాస్టరు. ఏ పెద్ద మిషన్‌కీ చెందని చిన్న సంఘం, నలభై కుటుంబాలుంటాయి, దాదాపు అందరూ మిరప కోతలకీ పొగాకు పనికీ పోయే కూలీలే. ఆదివారం కానుకల సంచి విప్పితే ఆరేడు వందలు. ప్రభుత్వం పాస్టర్లకిచ్చే నెలకు 5,000 గౌరవ వేతనానికి దరఖాస్తు పెట్టారు గానీ మందిరం కాగితాలు సరిగా లేక రాలేదు. సంఘంలో ఆడవాళ్లు రోజూ అన్నానికి బియ్యం పోసేటప్పుడు దేవుడి పేరు తలచుకుని ఒక పిడికెడు పక్కన వేసి, ఆదివారం మందిరానికి తెస్తారు. పాస్టరుగారి ఇల్లు గడిచేది ఆ బియ్యంతోనే. రేషన్ బియ్యం, సన్నబియ్యం, పాతవి, కొత్తవి అన్నీ ఒకే సంచిలో పడతాయి. కొన్ని ఉడికేసరికి కొన్ని మెత్తగా ముద్దయిపోతాయి. "నలభై ఇళ్ల అన్నం ఒకే గిన్నెలో తింటున్నాం అక్కా, ఆ విషయంలో మాకు ఏ బాధా లేదు" అని రాశారు.

బాధ వేరే ఉంది. మూడేళ్లుగా నెలసరి పది పన్నెండు రోజులు ఆగకుండా అవుతోంది. నిరుడు స్కానింగ్ తీయిస్తే గర్భసంచిలో గడ్డలన్నారు. రక్తం (హిమోగ్లోబిన్) 6.8 ఉందనీ, ముందు రక్తం పెంచుకుని ఆపరేషన్ సంగతి త్వరగా తేల్చుకోవాలనీ డాక్టరమ్మ చెప్పింది. భర్త శ్రమల దినాలు (ఈస్టర్‌కి ముందు నలభై రోజులు) అయ్యాక చూద్దామన్నారు. ఈస్టర్ అయ్యాక వేసవి కూటాలన్నారు, అవీ అయ్యాక మందిరం స్లాబు అన్నారు. పౌలుకూ శరీరంలో ముల్లు ఉంది, ఆయన మోయలేదా అంటారు. మనిషి చెడ్డవాడు కాదు, తాగడు, తిట్టడు, తన ఒంటిని కూడా అలాగే చూసుకుంటాడు. పెద్దమ్మాయి ఇంటర్ ఫీజుకని దాచిన 12,000 తీసి సంఘంలో ఒకాయన ఆసుపత్రి ఖర్చుకి ఇచ్చేశాడు. ఆ అమ్మాయి రెండు నెలలుగా మందిరానికి రావడం మానేసింది. ఎందుకమ్మా అని అడిగితే, "మీ సిలువ మీరు మోసుకోండి, నా నెత్తిన ఎందుకు పెడతారు?" అంది.

ఈలోగా పక్కింటామెతో పట్నంలో స్వస్థత కూటానికి వెళ్లారు. సేవకుల ఇంట్లో జబ్బు ఉందంటే ఒప్పుకోని పాపమైనా ఉండాలి, విశ్వాసమైనా చాలకపోయి ఉండాలి అని స్టేజీ మీద ప్రసంగీకుడు చెప్పాడు. విత్తనం, అంటే కానుక, వేస్తే స్వస్థత కోస్తారన్నాడు. వాళ్లమ్మ ఇచ్చిన దిద్దులు తీసి సంచిలో వేసి వచ్చారు. ఇప్పుడు రోల్డుగోల్డువి పెట్టుకుంటున్నారు, భర్తకు తెలియదు. రక్తస్రావం తగ్గలేదు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు ఒక హాస్టల్లో వార్డెన్ పని చూశాడు, నెలకు 16,000, ఉండటానికి గది, పిల్లల్నీ తెచ్చుకోవచ్చన్నాడు. నాగలి మీద చెయ్యి పెట్టి వెనక్కి చూడకూడదన్న యేసు మాట చెప్పి భర్త వద్దన్నారు.

ఆమె ప్రశ్న ఆమె మాటల్లోనే: "శ్రమ లేకుండా మహిమ లేదని చిన్నప్పటి నుంచీ విన్నాను, స్త్రీల కూడికలో నేనూ అదే చెప్పాను. ఇప్పుడు ఆపరేషన్‌కి వెళ్తే సిలువ దించేసినట్టా? ఉద్యోగానికి వెళ్తే? ఇంతకాలం మోసింది వృథా అయిపోతుందా?"

వందనాలు చెల్లెమ్మా.

నేనూ పాస్టరు కూతుర్నే. మీకు జవాబు రాసే ముందు అది చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. మా అమ్మ అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన దాంట్లో కాసిని మజ్జిగ నీళ్లు పోసుకుని వంటింటి గడప మీద కూర్చుని తాగేది. రొమ్ములో గడ్డ ఉందని తనకు తెలిసిన ఏడాదిన్నరకు మాకు తెలిసింది. అప్పటికి అది పగిలింది, పమిటకి మరకలు అవుతుంటే ఇక దాచలేకపోయింది. భూస్థాపన రోజు ముగ్గురు సేవకులు లేచి అమ్మ ఓర్పు గురించి మాట్లాడారు, సిలువ మోసిన తల్లి అన్నారు, గడ్డ మాట ఒక్కరూ ఎత్తలేదు. నాకప్పుడు 22 ఏళ్లు. అందరితో పాటు ఆమేన్ అన్నాను. ఆ ఆమేన్ నా గొంతులో ఇప్పటికీ అడ్డంగానే ఉంది.

అందుకని మొదట మీ రక్తం సంగతి. ఆడవాళ్లకు 12 గ్రాములు ఉండాలి. 8 కంటే తక్కువైతే డాక్టర్లు దాన్ని తీవ్రమైన రక్తహీనత అంటారు. మీది 6.8, అదీ నిరుటి లెక్క. ఆ తర్వాత ఎన్ని నెలలు పోయిందో మీకే తెలుసు. నాలుగు మెట్లెక్కితే గుండె దడదడ, పడుకుంటే చెవుల్లో హోరు, కూడికలో నిలబడి పాడుతుంటే కళ్లు బైర్లు కమ్మడం అని మీరే రాశారు. ఇవన్నీ ఆత్మీయ పోరాటం అని మీరు రాసుకున్నారు. కాదమ్మా, రక్తం లేకపోవడం. ఈ ఉత్తరంలో మిగతాదంతా తీరిగ్గా ఆలోచించుకోవచ్చు, ఇది మాత్రం ఈ వారమే. రైస్ కార్డు, ఆధార్, పాత స్కానింగ్ రిపోర్టు తీసుకుని ఒంగోలు పెద్దాసుపత్రికి వెళ్లండి. మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలుచుకునే ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్ దగ్గర మీ ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో ఉచితంగా అవుతుందో అడగండి. డాక్టర్ని కూడా అడగాల్సినవి ఉన్నాయి: గడ్డలు మాత్రమే తీస్తే సరిపోతుందా, గర్భసంచే తీయాలా, కొంతకాలం మందులతో ఆపే వీలుందా అని. గర్భసంచి తీసేయడమే ఏకైక దారి అని ముందే మనసులో పెట్టుకుని వెళ్లకండి, అలాగని అదే మంచిదని వాళ్లంటే భయపడీ వెనక్కి రాకండి.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న. "నన్ను వెంబడింప గోరువాడు తన్ను తాను ఉపేక్షించుకొని తన సిలువయెత్తికొని నన్ను వెంబడింపవలెను." మార్కు 8వ అధ్యాయం 34. ఈ వాక్యం మీద మీరూ నేనూ పెరిగాం. ఇందులో 'ఉపేక్షించుకొని' అన్న మాట మనల్ని, ముఖ్యంగా మన ఇళ్లలో ఆడవాళ్లని, చాలా దూరం తప్పు దారిలో నడిపించిందని నాకనిపిస్తుంది. తెలుగులో ఉపేక్షించడమంటే పట్టించుకోకుండా వదిలేయడం. జ్వరాన్ని ఉపేక్షించొద్దు అంటారు డాక్టర్లు. అదే చెవితో ఈ వాక్యం వింటే, నీ జ్వరాన్ని, నీ ఆకలిని, నీ రక్తాన్ని వదిలెయ్యమని యేసు చెప్పినట్టే వినపడుతుంది. కానీ గ్రీకులో ఆయన అక్కడ వాడిన మాట, అదే సువార్త 14వ అధ్యాయంలో తన శిష్యుడు పేతురుతో "నీవు నన్ను ఎరుగనని చెప్పెదవు" అన్నప్పుడు వాడిన మాట, రెండూ ఒకటే. యేసును పట్టుకున్న రాత్రి చలిమంట దగ్గర పనిమనిషి నిలదీస్తే, నేనా మనిషిని ఎరగను అన్నాడు చూడండి పేతురు, అదీ ఆ మాట. అంటే తన ఒంటిని అశ్రద్ధ చేసుకోమని అక్కడ లేదు. 'నేను' అని లోపల ఒకడు యజమానిలా కూర్చుని అన్నీ తన చుట్టూ తిప్పుకుంటాడే, వాణ్ని చూపించి ఇతనెవరో నేనెరగను, ఇతని మాట నా ఇంట్లో చెల్లదు అనడం.

ఆ మాట ఎప్పుడు చెప్పాడో కూడా చూడండి. మనుష్యకుమారుడు, అంటే తను, అనేక హింసలు పొందాలి, చంపబడాలి, మూడు దినాలయ్యాక లేవాలి అని అప్పుడే చెప్పాడు. పేతురుకు నచ్చలేదు, పక్కకి తీసుకెళ్లి గద్దించాడు. పేతురుకు కావాల్సింది మహిమ, అది సిలువ దాటకుండా కావాలి. యేసు ఒప్పుకోలేదు. కాబట్టి శ్రమ లేకుండా మహిమ లేదన్న మాట మీరు స్త్రీల కూడికలో చెప్పింది తప్పేమీ కాదు, దాన్ని నేను పలచన చేయను. "క్రీస్తు ఈలాగు శ్రమపడి తన మహిమలో ప్రవేశించుట అగత్యము కాదా" అని మరణం నుంచి లేచిన ప్రభువే ఎమ్మాయు ఊరి దారిలో అన్నాడు. ఆయనతో శ్రమపడితే ఆయనతో మహిమ పొందుతాం అని రోమా 8లో పౌలు రాశాడు. అయితే అక్కడ 'ఆయనతో' అన్న మాట ఉంది. కష్టమన్నది ఎక్కడుంటే అక్కడల్లా దానికి సిలువ అని పేరు పెట్టేస్తే ఆ 'ఆయనతో' జారిపోతుంది.

మీరు ఒంగోలు నేల మీద ఉన్నారు కాబట్టి మీ నేల కథే చెబుతాను. 1876 నుంచి 78 దాకా ఈ ప్రాంతమంతా ఘోరమైన కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఆకలితో చచ్చిపోతున్న జనానికి ఆకలి మీ సిలువ, ఓర్చుకోండి, పరలోకంలో తింటారు అని బోధించలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని పార, తట్ట చేతికిచ్చి కూలి ఇప్పించాడు. కూటి కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ సంఘంలో ఎంతమంది తాతముత్తాతలు ఆ నీళ్లలో దిగారో. ఆ తర్వాత వాళ్లకు నిజమైన సిలువ ఎదురొచ్చింది. చచ్చిన గొడ్డు మాంసం తినం, ఆదివారం పనికి రాం, జాతరలో డప్పు కొట్టం అన్నందుకు ఊళ్లలో పెద్దల కోపం చూశారు, పనులు పోగొట్టుకున్నారు, దెబ్బలు తిన్నారు. కడుపు మాడడమూ కష్టమే, ఆదివారం పనికి రానన్నందుకు తిన్న దెబ్బా కష్టమే. మొదటిదానికి కాలువ తవ్వించి కూలి ఇవ్వడం క్రీస్తు పని. రెండోది ఆయన కోసం మోసినది. ఈ రెండూ కలిపి ఒకే మూట కట్టేస్తే మొదటిదాన్ని ఎవరూ తీర్చరు, రెండోదాన్ని ఎవరూ గుర్తించరు.

మీ మూట విప్పి చూస్తే నాకు కనపడేది చెబుతాను. పద్దెనిమిదేళ్లుగా కూలీల సంఘం మధ్య, వాళ్ల పిడికెడు బియ్యం తింటూ, టౌన్లో సుఖంగా ఉండే అవకాశాలు వదులుకుని ఉన్నారు. అది సిలువే, దాన్ని మీరిద్దరూ తెలిసి ఎత్తుకున్నారు. గర్భసంచిలో గడ్డలు జబ్బు. లోకంలో లక్షలమంది ఆడవాళ్లకు, క్రీస్తు పేరు విననివాళ్లకు కూడా వచ్చే జబ్బు. దాన్ని మీరు ఎత్తుకోలేదు, అది వచ్చింది, వైద్యం ఉంది. ఫీజు డబ్బులు పోవడం మీవారి నిర్ణయం. ఈ మూడింటికీ ఒకే వాక్యం చెప్పి సర్దుకోమంటే కుదరదు.

పౌలు ముల్లు గురించి మీవారు అన్నారు. నిజమే, తీసెయ్యమని దేవుణ్ని మూడుసార్లు అడిగాడు, పోలేదు, "నా కృప నీకు చాలును" అని జవాబు వచ్చింది. కానీ అడిగాడు కదా, అడగకుండా ఓర్చుకోలేదు. అదే పౌలు తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకి ఏం చెప్పాడు? నీళ్లే తాగుతూ కూర్చోకుండా కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, ఆ రోజుల్లో తెలిసిన మందు అది. ఇంకొక మనిషి ఉన్నాడు, ఎపఫ్రొదితు. ఫిలిప్పీ 2వ అధ్యాయం మొదట్లో క్రీస్తు తన్ను తాను రిక్తునిగా చేసుకున్నాడు, సిలువ మరణం పొందేంతగా తగ్గించుకున్నాడు, అందుకే దేవుడు ఆయన్ను హెచ్చించాడు అన్న మాటలుంటాయి, శ్రమల దినాల్లో మనం తప్పకుండా చదువుకునేవి. అదే అధ్యాయం చివరికి రండి. ఎపఫ్రొదితు పౌలుకు సహాయం చేస్తూ జబ్బుపడి చావు దాకా వెళ్లాడు. క్రీస్తు మనసు కలిగి ఉండమని పై పేరాల్లో రాసిన పౌలు ఇతన్ని ఏం చేశాడు? సేవ వదిలి పోతావా అన్నాడా? ఇంటికి పంపించాడు. ఇలాంటివాళ్లను ఘనపరచండి అని ఆ సంఘానికి రాసి మరీ పంపించాడు. దేవుడు అతన్ని కనికరించాడు, నాకు దుఃఖం మీద దుఃఖం రాకుండా నన్నూ కనికరించాడు అన్నాడు. ఈ వచనాలు ఏ శుక్రవారం కూటంలోనూ నేను వినలేదు. మీరు మీవారితో కలిసి చదవండి, వాదించడానికి కాదు, ఊరికే చదవండి.

దిద్దుల విషయం. ఆ స్టేజీ మీద ఆయన చెప్పింది యోబు స్నేహితులు చెప్పిందే, చివర్లో దేవుడు వాళ్ల మీద కోపించాడు, యోబు మీద కాదు. మీ అమ్మ ఇచ్చిన వస్తువు మీ బాధలో మీ చేతిలోంచి తీసుకున్నారు. మీ విశ్వాసం చాలక రక్తం ఆగలేదని ఇప్పుడు రాత్రిళ్లు లేచి వెతుక్కుంటున్నారు. వెతకడం ఆపండి. దిద్దులు తిరిగి రాకపోవచ్చు, అడగాలనిపిస్తే పక్కింటామెను తోడు తీసుకుని వెళ్లి మర్యాదగా అడగండి, ఇవ్వకపోతే అక్కడికి ఇక వెళ్లకండి. కానీ మీవారికి మాత్రం చెప్పండి. రోల్డుగోల్డు దాచినట్టు ఇంకెన్ని దాస్తున్నారో, నాకు అక్కడ దిగులుగా ఉంది.

మీ ఉత్తరంలో ఐదో పేజీలో ఒక మాట రాసి కొట్టేశారు, అయినా చదవగలిగాను. అందులో అమ్మగారంటే పాస్టరమ్మ, మీరే. "మా అమ్మగారికి ఏ కష్టమొచ్చినా నోరు తెరవదు అని సంఘంలో అందరూ అంటారు, అది పోగొట్టుకోవాలంటే నాకు భయం." కొట్టేయకండి చెల్లెమ్మా. ఈ ఎనిమిది కాగితాల్లో మీరు అన్నిటికంటే నిజంగా రాసింది అదే. యేసు శిష్యులు యాకోబు, యోహానులు ఆయన మహిమలో కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు కూర్చుంటామని అడిగారు. మనలాంటివాళ్లం అలా అడగం. మనం ఓర్పుగల తల్లి అనిపించుకోవడంలో కూర్చుంటాం. మా అమ్మ అక్కడే కూర్చుంది, నాకు తెలుసు, నేను ఆమె కూతుర్ని. 'నేనెరగను' అని మీరు చెప్పాల్సింది ఆ నోరు తెరవని అమ్మగారిని. అది రక్తం కారనివ్వడం కంటే కష్టమైన పని అనిపిస్తుంది నాకు. స్త్రీల కూడికలో లేచి, అమ్మా, నాకు ఒంట్లో బాగాలేదు, ఆపరేషన్ ఉంది, నాకు మీ సాయం కావాలి అని చెప్పడం. పిడికెడు బియ్యం తెచ్చే ఆడవాళ్లకు మీ ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసుకునే హక్కు ఉంది. కొందరు గుసగుసలాడతారు, పాస్టరమ్మకే విశ్వాసం లేకపోతే మన సంగతేంటి అంటారు. ఒకరిద్దరు మందిరం మారినా మారతారు. అది మాత్రం మీరు క్రీస్తు కోసం మోయొచ్చు. ఆ కూడికలో మీలాగే మూడేళ్లుగా దాచుకున్న ఇంకొకామె ఉండకపోదు, మీరు నోరు విప్పితే ఆమె విప్పుతుంది.

మీవారి గురించి. ఆయన మంచితనం మీ ఉత్తరంలో ప్రతి పేజీలో ఉంది, నేను కాదనను. కానీ కొర్బాను అని ఒక మాట ఉంది మార్కు 7లో, తల్లిదండ్రులకు చెందాల్సింది దేవునికి అర్పితమైపోయిందని చెప్పి ఎగ్గొట్టేవాళ్లను యేసు ఎంత గట్టిగా మందలించాడో. స్వకీయులను, విశేషముగా తన యింటివారిని సంరక్షింపనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని పౌలు తిమోతికి రాశాడు. ఆయన ఒక మనిషి ఆసుపత్రి ఖర్చుకి డబ్బిచ్చాడు, సంతోషం. ఆ మనిషి జబ్బుకి ఆసుపత్రి కావాలని ఆయనకు తెలిసింది, భార్య జబ్బుకి తెలియలేదు. ఎందుకంటే భార్య కూడా 'తాను' అనే లెక్కలోకి వచ్చేసింది ఆయనకి, తన్ను తాను ఉపేక్షించుకుంటూ మిమ్మల్నీ ఉపేక్షించాడు. ఇది దురుద్దేశం అని నేననుకోను. అయినా మీ ఒంట్లో కారేది రక్తమే.

ఎలా చెప్పాలో మీరు అడగలేదు, కానీ భయపడుతున్నారు. ఆదివారం రాత్రి చెప్పకండి, ప్రసంగం చేసి అలిసి ఉంటారు. పగలు, పిల్లలు లేనప్పుడు, రిపోర్టు ఆయన చేతికిచ్చి, ఆ 6.8 మీద వేలు పెట్టి చూపించండి. అనుమతి అడుగుతున్నట్టు కాకుండా, ఫలానా రోజు వెళ్తున్నాను, మీరు నాతో రావాలని నా కోరిక అని చెప్పండి. వస్తే మంచిది, డాక్టర్ మాట ఆయనే వింటారు. రానంటే మీ తమ్ముణ్ని పిలిపించుకోండి, కానీ అప్పుడు ఇంట్లో కొన్నాళ్లు బిగుసుకుపోయిన మౌనం ఉంటుంది, దానికి సిద్ధపడండి. మూడో దారి, ఆయన గౌరవించే పెద్ద సేవకుడు ఎవరైనా ఉంటే ఆయన చేత చెప్పించడం. పని త్వరగా అవుతుంది గానీ, ఇంటి విషయం బయటపెట్టావన్న నొప్పి మీవారికి చాలాకాలం ఉండొచ్చు. స్లాబు అయ్యేదాకా ఆగుతానంటారా, అదీ మీ చేతిలో ఉన్న దారే, ఆపడానికి నాకు హక్కు లేదు. కానీ ఆ దారిలో ఏముందో మా అమ్మ పమిట మీద చూశాను నేను.

ఉద్యోగం దీనికంటే చిక్కు. ఆపరేషన్ అయ్యి ఆరు వారాలు బరువు ఎత్తకూడదంటారు, కాబట్టి ఇప్పటికిప్పుడు తేల్చనక్కర్లేదు, తమ్ముడికి రెండు నెలలు ఆగమని చెప్పండి. పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వెళ్తే ఫీజులు కట్టగలుగుతారు, అమ్మాయి చదువు నిలబడుతుంది. ఆయన ఒంటరిగా ఉంటాడు, ఊళ్లో మాటలు పుడతాయి, ఒకసారి విడిగా ఉండటం మొదలైతే ఏడాది అనుకున్నది ఐదేళ్లవడం నేను చూశాను. వెళ్లకపోతే ఈ డబ్బు కటకట ఇలాగే సాగుతుంది. మధ్యలో ఇంకోటి ఉంది: పెళ్లికి ముందు టీటీసీ (టీచర్ ట్రైనింగ్) చేశానని రాశారు, సర్టిఫికెట్ ట్రంకు పెట్టెలో ఉందట. పక్క ఊరి ప్రైవేటు బడిలో ఏడెనిమిది వేలే ఇస్తారేమో, 16,000 రావు, కానీ సాయంత్రానికి ఇంటికొస్తారు. నాగలి మాట అక్కడ వర్తించదు. పౌలు కొరింథులో పగలు డేరాలు కుట్టి సువార్త చెప్పాడు, ఎవరూ ఆయన్ని వెనక్కి చూసినవాడు అనలేదు. ఏ దారైనా సరే, ఇంటి ఖర్చు వేరు, సంఘం ఖర్చు వేరు అని రెండు పుస్తకాలు పెట్టి, ఇద్దరు సంఘ పెద్దల్ని లెక్కలో కూర్చోబెట్టకపోతే మీ జీతం కూడా ఆ 12,000 పోయిన దారినే పోతుంది.

అమ్మాయి. ఆమె అన్న మాట మీకు దూషణలా తగిలింది, నాకు అలా అనిపించలేదు. సువార్తల్లో ఒక మనిషి చేత వేరొకరి సిలువను బలవంతంగా మోయించింది ఎవరో గుర్తు తెచ్చుకోండి. పొలం నుంచి వస్తున్న కురేనీయుడైన సీమోనును పట్టుకుని మోయించింది రోమా సైనికులు. యేసు ఎవరినీ పట్టుకుని మోయించలేదు, ఎవడైనను నన్ను వెంబడింపగోరినయెడల అన్నాడు, గోరినయెడల. పదిహేడేళ్ల పిల్లను ఎవరూ అడగలేదు నీ ఫీజు ఇచ్చేద్దామా అని. అడిగి ఉంటే ఇచ్చేదేమో, మీ పిల్లే కదా. ఆమెను మందిరానికి రమ్మని ఇప్పుడు బలవంతం చేయకండి. ఫీజు విషయంలో మేము తప్పు చేశామమ్మా అని చెప్పండి, వీలైతే తండ్రి చేత చెప్పించండి, పాస్టరుగా కాదు, నాన్నగా. కాలేజీకి వెళ్లి వాయిదాల్లో కట్టే వీలుందేమో ఆయన్నే అడగమనండి. ఆమె తిరిగి వస్తుందా రాదా నేను చెప్పలేను. కానీ ఆసుపత్రికి తోడు రమ్మని మీరు మొదట అడగాల్సింది ఆమెనే అనుకుంటున్నాను. రిపోర్టులు ఆమె చేతికివ్వండి, చదువుకుంటున్న పిల్ల, డాక్టర్ చెప్పేది మీకంటే బాగా గుర్తుపెట్టుకుంటుంది. బస్సులో పక్కపక్కన కూర్చునే రెండు గంటలు ఎలాగూ ఉంటాయి.

రక్తం ఎంత ఉందని తేలిందో, డాక్టర్ ఏ తేదీ ఇచ్చిందో నాకు రాయండి. ఒక్క కార్డు ముక్క చాలు.